యూనిట్ 9 : నిద్ర అమరికలు, బూటింగ్ వరుస – సమస్యను గుర్తించడం, సరిచేయడం

9.1 పరిచయం

గత యూనిట్‌లో పవర్ మీట నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర కనిపించే వరకు కంప్యూటరులో ఏమేం జరుగుతుందో స్థూలంగా తెలుసుకున్నారు. ఆ వరుసలో ఒక అడుగు ముందు వెనకలైతే ఏమవుతుందో ఈ యూనిట్‌లో చూద్దాం.

ఒక సందర్భం ఊహించండి. మీ లాప్‌టాప్‌కు వైర్‌లెస్ కీబోర్డు ఉంది. దాని చిన్న రిసీవరు యూఎస్‌బీ పోర్టులో ఎప్పుడూ గుచ్చే ఉంటుంది. కీబోర్డు మీట తగిలినంత మాత్రాన నిద్రలో ఉన్న యంత్రం లేవకూడదని రాత్రి ఒక అమరిక మార్చారు. లాప్‌టాప్‌ను నిద్రపుచ్చి, కీబోర్డు మీద కొట్టి చూశారు. లేవలేదు. మర్నాడు యంత్రాన్ని కొత్తగా ఆన్ చేసి, అసైన్‌మెంట్ సగం టైపు చేసి, సేవ్ చేయకుండానే నిద్రపుచ్చి, కీబోర్డుతో సహా సంచిలో పెట్టుకుని స్టడీ సెంటరుకు బస్సెక్కారు. సంచిలో పుస్తకం కీబోర్డు మీద ఒత్తుకుంది. బస్సు దిగేసరికి సంచి వేడెక్కింది, బాటరీ అయిపోయింది, సగం టైపు చేసిన అసైన్‌మెంట్ లేదు.

రాత్రి పనిచేసిన అమరిక పొద్దున ఎందుకు పనిచేయలేదు? చాలామంది విద్యార్థులు అమరికనే అనుమానించి దాన్ని పదేపదే మారుస్తారు. అమరిక సరైనదే. అది అమలైన వేళ సరైనది కాదు. ఎసరు కాగకముందే బియ్యం పోసినట్లు, లేదా ఒకరు దీపం ఆర్పి వెళ్ళాక మరొకరు వచ్చి వెలిగించినట్లు జరిగిందన్నమాట. ఈ రెండూ వేర్వేరు తప్పులు. వాటి మధ్య తేడా తెలిస్తే ఈ యూనిట్‌లోని విషయం చాలా భాగం అర్థమైనట్లే.

ఉదాహరణలన్నీ లినక్స్ నుంచి తీసుకున్నాం. అందులో ప్రతి దశనూ తెరిచి చూసుకునే వీలుంది. ఫైళ్ళ పేర్లను, కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాం. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడాలని వేరే చెప్పనక్కరలేదు.

9.2 నిద్రలో రకాలు

కంప్యూటరు నిద్రకు ఒక ఉమ్మడి భాష 1996 డిసెంబరులో వచ్చింది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు ఆ నెలలో ఏసీపీఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. ఇందులో ఎస్0 అంటే యంత్రం పూర్తిగా మెలకువగా ఉండటం, ఎస్5 అంటే పూర్తిగా ఆగిపోవడం. మనకు ముఖ్యమైనవి మధ్యలోని రెండు. ఎస్3లో ర్యామ్‌కు మాత్రం కరెంటు అందుతుంది, మిగిలిన భాగాలు దాదాపు అన్నీ ఆగిపోతాయి. ఎస్4లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కుపై రాసి, యంత్రాన్ని ఆపేస్తారు. దీన్నే హైబర్నేషన్ అంటాం.

లినక్స్ కెర్నల్ ఈ స్థితులను ఫైళ్ళ రూపంలో చూపిస్తుంది. సిస్ డైరెక్టరీ కింద పవర్ అనే డైరెక్టరీలో మెమ్-స్లీప్ అనే ఫైలు ఉంటుంది. ఇది 2017లో వచ్చిన 4.10 కెర్నల్ నుంచి ఉంది. దాన్ని తెరిస్తే ఎస్2ఐడిల్, డీప్ వంటి పేర్లు కనిపిస్తాయి. ప్రస్తుతం ఎంపికైన పేరు చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటాయి. డీప్ అంటే పైన చెప్పిన ఎస్3. ఎస్2ఐడిల్ అంటే యంత్రాన్ని ఆపకుండా, పరికరాలను తక్కువ విద్యుత్తు స్థితిలోకి పంపి ప్రాసెసర్‌ను ఊరికే కూర్చోబెట్టడం. ఈ మధ్య వచ్చిన లాప్‌టాప్‌లలో డీప్ అనే పేరే కనిపించకపోవచ్చు. అది మీ తప్పు కాదు, తయారీదారు ఆ సౌకర్యం ఇవ్వలేదని అర్థం.

ఒక సంగతి ఇక్కడే గుర్తు పెట్టుకోండి. సిస్ డైరెక్టరీలోని ఫైళ్ళు డిస్కు మీద ఉండవు. అవి కెర్నల్ జ్ఞాపకానికి తెరిచిన కిటికీలు మాత్రమే. వాటిలో రాసింది యంత్రం ఆపగానే పోతుంది. అందుకే ప్రతి బూటింగ్‌లోనూ ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ రాయాలి. ఆ "ఎవరో ఒకరు" ఎప్పుడు రాస్తారన్నదే మన సమస్య.

9.3 పిలవడం వేరు, వరుస చెప్పడం వేరు

పాత యూనిక్స్ పద్ధతిలో బూటింగ్ స్క్రిప్టులకు అంకెలు ఉండేవి. ఎస్10 తర్వాత ఎస్20, ఆ తర్వాత ఎస్30. ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. నెమ్మదిగా సాగేది కానీ వరుస విషయంలో గందరగోళం తక్కువ. అన్నీ అయ్యాక చివర్లో ఆర్‌సీ-లోకల్ అనే ఫైలు నడిచేది. ఏ అమరికైనా అందులో ఒక వరుస రాసి పడేస్తే చాలన్న అలవాటు అప్పటిది.

2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీ ఈ పద్ధతిని మార్చింది. ఉబుంటు 15.04తో, డెబియన్ 8తో 2015లో అది ఎక్కువమంది కంప్యూటర్లలోకి వచ్చింది. సిస్టమ్‌డీ పనులను వీలైనంతవరకు ఒకేసారి మొదలుపెడుతుంది. ఒకదాని తర్వాతే మరొకటి రావాలంటే ఆ మాట మీరు స్పష్టంగా రాయాలి. రాయకపోతే ఏది ముందు పూర్తవుతుందో ఆ రోజు డిస్కు వేగాన్ని బట్టి, పోర్టులో గుచ్చిన పరికరాలను బట్టి మారుతుంది. "నిన్న పనిచేసింది, ఈ రోజు లేదు" అనే ఫిర్యాదుకు మూలం ఇదే.

సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో రెండు రకాల మాటలు ఉంటాయి. వాంట్స్, రిక్వైర్స్ అనేవి ఒక రకం. ఆఫ్టర్, బిఫోర్ అనేవి మరో రకం. విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగుదాం.

పెళ్ళి భోజనాలను తలుచుకోండి. శుభలేఖ ఇచ్చి పిలవడం ఒక పని. ఎవరిని మొదటి బంతిలో కూర్చోబెట్టాలి, ఎవరిని రెండో బంతిలో అని చెప్పడం ఇంకో పని. శుభలేఖ ఇచ్చినంత మాత్రాన బంతి వరుస తేలదు. రెండో బంతి అని చెప్పినంత మాత్రాన పిలవని వాళ్ళు రారు. వాంట్స్, రిక్వైర్స్ శుభలేఖలు. వాటిలో రిక్వైర్స్ కొంచెం గట్టి పిలుపు, "వాళ్ళు రాకపోతే మేమూ రాము" అన్నట్లు. ఆఫ్టర్, బిఫోర్ బంతి వరుసలు. మీ సర్వీసులో రిక్వైర్స్ అని రాసి ఆఫ్టర్ రాయకపోతే, సిస్టమ్‌డీ రెండింటినీ పిలిచి ఒకే బంతిలో కూర్చోబెడుతుంది. ఆఫ్టర్ మాత్రమే రాస్తే, అవతలిది వస్తే దాని తర్వాత కూర్చుంటుంది, రాకపోతే ఎదురుచూడకుండా కానిచ్చేస్తుంది. రెండూ కావాలంటే రెండూ రాయాలి.

ఇంకో చిక్కు ఉంది. "తర్వాత" అంటే దేని తర్వాత? మామూలు సర్వీసు అయితే దాని ప్రాసెస్ మొదలైతే చాలు, సిస్టమ్‌డీ దృష్టిలో అది మొదలైపోయినట్లే. పని పూర్తయ్యే వరకు ఆగాలంటే అవతలి సర్వీసు వన్‌షాట్ రకానికి చెందినదై ఉండాలి. అమరికలు రాసే సర్వీసులను వన్‌షాట్‌గా రాయమని చెప్పేది అందుకే.

9.4 కీబోర్డు కేసు: రెండు రకాల వైఫల్యం

ఇప్పుడు మన లాప్‌టాప్ దగ్గరకు వద్దాం. యూఎస్‌బీ పరికరం ప్రతిదానికీ సిస్ డైరెక్టరీలో ఒక చోటు ఉంటుంది. యంత్రాన్ని నిద్రలేపగల పరికరమైతే ఆ చోట్లోని పవర్ డైరెక్టరీలో వేకప్ అనే ఫైలు కనిపిస్తుంది. అందులో ఎనేబుల్డ్ అని ఉంటే ఆ పరికరం యంత్రాన్ని లేపగలదు, డిసేబుల్డ్ అని ఉంటే లేపలేదు. మీరు రాత్రి చేతితో రాసింది ఇందులోనే. ఆ వరుసనే ఒక వన్‌షాట్ సర్వీసులో పెట్టి, మల్టీ-యూజర్ టార్గెట్‌కు తగిలించి, బూటింగ్‌లో నడిచేలా చేశారనుకుందాం.

బూటింగ్ అయ్యాక మొదట చేయాల్సిన పని ఊహించడం కాదు, లాగ్ చదవడం. జర్నల్‌సీటీఎల్ కమాండుకు హైఫన్-బీ జతచేస్తే ఈ బూటింగ్‌కు సంబంధించిన లాగ్ మాత్రమే వస్తుంది. అందులో మీ సర్వీసు పేరు వెతకండి. అక్కడ రెండింటిలో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది, సర్వీసు విఫలమైందని, అలాంటి ఫైలు లేదని రాసి ఉండటం. అంటే మీ సర్వీసు నడిచే సమయానికి కెర్నల్ ఆ రిసీవరును ఇంకా గుర్తించలేదు. పరికరమే లేనప్పుడు దాని ఫైలు ఎక్కడ ఉంటుంది? ఇది ఎసరు కాగని తప్పు. కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి దీన్ని పట్టుకోవడం తేలిక.

రెండోది మోసకారి. సర్వీసు విజయవంతమైందని లాగ్ చెబుతుంది. వేకప్ ఫైలు తెరిస్తే మాత్రం ఎనేబుల్డ్ అనే ఉంటుంది. దీనికి కారణం లినక్స్‌లోని యూఎస్‌బీ-హిడ్ డ్రైవరు. అది కీబోర్డు రకం పరికరంతో పని మొదలుపెట్టేటప్పుడు దాని వేకప్‌ను తానే ఆన్ చేస్తుంది. డెస్క్‌టాప్ కంప్యూటరు వాడేవారు కీబోర్డు నొక్కి యంత్రాన్ని లేపాలనుకుంటారు కాబట్టి ఆ నిర్ణయం సబబైనదే. పరికరం కనిపించడానికీ, డ్రైవరు దానితో పని మొదలుపెట్టడానికీ మధ్య చిన్న వ్యవధి ఉంటుంది. మీ సర్వీసు ఆ వ్యవధిలో పడితే, మీరు డిసేబుల్డ్ అని రాసిన తర్వాత డ్రైవరు వచ్చి ఎనేబుల్డ్ అని రాస్తుంది. చివరగా రాసినవారి మాటే చెల్లుతుంది.

కాబట్టి బూటింగ్‌లో నిలవని అమరిక ఏది ఎదురైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ ఫైలును పుట్టించేది ఎవరు? దానిలో చివరగా రాసేది ఎవరు? మెమ్-స్లీప్ ఫైలు విషయంలో రెండు జవాబులూ సులువు. దాన్ని కెర్నలే సర్వీసులన్నిటికంటే ముందు పుట్టిస్తుంది, మామూలుగా మరెవరూ దాన్ని తాకరు. అందుకే దానికి ఎంత ముందుగా నడిచే సర్వీసైనా సరిపోతుంది. ఇంకా తేలిక దారి, కెర్నల్ బూట్ వరుసలోనే మెమ్-స్లీప్-డిఫాల్ట్ అనే పరామితికి డీప్ అని ఇవ్వడం. అప్పుడు వరుస అనే ప్రశ్నే రాదు. ఒకే రకం సర్వీసు మెమ్-స్లీప్‌కు పనిచేసి, కీబోర్డుకు పనిచేయకపోవడానికి కారణం ఇప్పుడు మీకు స్పష్టమై ఉండాలి.

ఇక్కడే ఒక పాత ఫైలు గురించి హెచ్చరిక. ప్రాక్ డైరెక్టరీలో ఏసీపీఐ కింద వేకప్ అనే ఫైలు ఒకటి ఉంది. అందులో పరికరం పేరు రాస్తే దాని స్థితి తిరగబడుతుంది. ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్. మీ స్క్రిప్టు ఒకసారి నడిస్తే సరే. ఏ కారణంగానైనా రెండోసారి నడిస్తే మొదటిసారి చేసిన పనిని తానే చెరిపేస్తుంది. మెట్ల కింద ఒకటి, మెట్ల పైన ఒకటి స్విచ్ ఉన్న లైటు లాంటిది ఇది. ఈ ఫైలునే వాడక తప్పకపోతే, ముందు ప్రస్తుత స్థితి చదివి, అవసరమైతేనే రాసేలా స్క్రిప్టు ఉండాలి.

9.5 "ముప్పై సెకన్లు ఆగితే సరి" అనే చిట్కా

ఈ సమస్యకు అందరికీ మొదట తోచే మందు ఒకటుంది. సర్వీసు మొదట్లో స్లీప్ 30 అనే కమాండు పెట్టడం. నిద్ర అమరికను సరిచేయడానికి స్క్రిప్టునే కాసేపు నిద్రపుచ్చడమన్నమాట. ఈ పాఠం రాస్తున్న మేమూ తొలిరోజుల్లో ఇదే చేశాం. పనిచేసింది కూడా, పెన్‌డ్రైవులు రెండు గుచ్చి బూట్ చేసిన రోజు వరకు.

ఇందులో లోపం ముప్పై అనే అంకెలో లేదు. అది అరవై అయినా అంతే. మీరు ఎదురుచూస్తున్నది ఒక సంఘటన కోసం, కొలుస్తున్నది మాత్రం గడియారాన్ని. వేగంగా లేచే యంత్రంలో ఊరికే ఆగుతారు, నెమ్మదిగా లేచే యంత్రంలో ఆగినా చాలదు. పైగా బూటింగ్ పూర్తయిన గంట తర్వాత రిసీవరును తీసి మళ్ళీ గుచ్చితే డ్రైవరు మళ్ళీ ఎనేబుల్డ్ అని రాస్తుంది. అప్పుడు మీ ముప్పై సెకన్ల సర్వీసు నడవనే నడవదు.

అలాగని గడియారం ఎప్పుడూ తప్పేనని అనుకోకండి. సిస్టమ్‌డీలో లాప్‌టాప్ మూత సంగతి చూసే లాగిన్‌డీ అనే భాగం ఉంది. బూటింగ్ అయ్యాక గానీ, నిద్ర లేచాక గానీ కొంతసేపు అది మూత మూసినా పట్టించుకోదు. ఆ వ్యవధి మామూలుగా 30 సెకన్లు. బయటి మానిటరు, డాకింగ్ స్టేషను వంటివి తగిలించి ఉన్నాయో లేదో కెర్నల్ కనిపెట్టే వరకు ఆగాలన్నది ఉద్దేశం. "ఇక కొత్త పరికరాలేవీ రావు" అని చెప్పే సంఘటన ఏదీ లేదు కాబట్టి అక్కడ గడియారమే గతి. కొత్తగా ఆన్ చేసి వెంటనే మూత మూస్తే లాప్‌టాప్ నిద్రపోలేదని కంగారుపడే ముందు ఈ 30 సెకన్లను గుర్తు చేసుకోండి.

9.6 సంఘటనకు ముడివేయడం

మన కీబోర్డు విషయంలో ఎదురుచూడదగిన సంఘటన ఉంది. కెర్నల్ ఒక పరికరాన్ని గుర్తించినప్పుడు యాడ్ అనే కబురు పంపుతుంది. డ్రైవరు దానికి జతపడ్డాక బైండ్ అనే కబురు పంపుతుంది. బైండ్ కబురు 2017 చివర్లో వచ్చిన 4.14 కెర్నల్ నుంచి ఉంది. యూడెవ్ అనే భాగం ఈ కబుర్లను విని, మీరు రాసిన నియమాలను అమలు చేస్తుంది.

చాలామంది నియమాన్ని యాడ్‌కు ముడివేస్తారు. ఫైలు లేదన్న మొదటి వైఫల్యం దానితో తీరుతుంది కానీ, డ్రైవరు తర్వాత వచ్చి రాసే రెండో వైఫల్యం అలాగే ఉండిపోవచ్చు. హిడ్ పరికరానికి డ్రైవరు జతపడినప్పుడు వచ్చే బైండ్‌కు ముడివేయండి. రిసీవరు తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను బట్టి నియమం దాన్ని గుర్తుపడుతుంది. నియమం నడిపే చిన్న స్క్రిప్టు, ఆ పరికరానికి పై మెట్టులో ఉన్న యూఎస్‌బీ పరికరపు వేకప్ ఫైలులో డిసేబుల్డ్ అని రాస్తుంది. సంఖ్యలను బట్టి గుర్తించడం వల్ల ఇంకో లాభం ఉంది. సిస్ డైరెక్టరీలో యూఎస్‌బీ పరికరం పేరు అది గుచ్చిన పోర్టును బట్టి ఉంటుంది. సర్వీసులో ఆ దారిని నేరుగా రాస్తే, రిసీవరును పక్క పోర్టులోకి మార్చిన రోజే అది చెల్లదు.

నియమాలు రాయడం కష్టమనిపిస్తే రెండో దారి చూడండి. నిజానికి ఈ అమరిక మనకు బూటింగ్ సమయంలో కావాలా? అక్కర్లేదు. యంత్రం నిద్రపోయే క్షణానికి ఉంటే చాలు. అలాంటప్పుడు సర్వీసును బూటింగ్‌కు కాక నిద్రకే ముడివేయవచ్చు. యూనిట్ ఫైలులో బిఫోర్ అని, వాంటెడ్-బై అని రెండు చోట్లా స్లీప్ టార్గెట్ పేరు రాయండి. నిద్రపోయే ప్రతిసారీ, నిద్రకు ముందు అది నడుస్తుంది. అప్పటికి డ్రైవర్లన్నీ తమ రాతలు రాసేసి ఉంటాయి కాబట్టి చివరి రాత మీదే. మా లెక్కన కొత్తగా నేర్చుకునేవారికి ఇదే మంచి దారి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఈ సర్వీసులో రిమెయిన్-ఆఫ్టర్-ఎగ్జిట్‌కు ఎస్ అని పెట్టకండి. పెడితే మొదటి నిద్ర తర్వాత సర్వీసు ఇంకా నడుస్తున్నట్లే లెక్క, రెండో నిద్రకు మళ్ళీ మొదలవదు.

సిస్టమ్-స్లీప్ అనే డైరెక్టరీలో స్క్రిప్టు పెట్టే పద్ధతి కూడా ఉంది. నిద్రకు ముందు ప్రీ, లేచాక పోస్ట్ అనే మాటతో దాన్ని పిలుస్తారు. అయితే అక్కడున్న స్క్రిప్టులన్నీ ఒకేసారి నడుస్తాయి. పేర్లకు ముందు 10, 20 అని అంకెలు వేసినా వరుస రాదు. వరుస ముఖ్యమైతే సర్వీసులే రాయాలి.

9.7 వలయం

ఇంకొందరు విద్యార్థులు "అన్నిటికంటే చివర నడిస్తే పోలా" అని, సర్వీసును మల్టీ-యూజర్ టార్గెట్‌కు తగిలించి, ఆఫ్టర్ దగ్గర గ్రాఫికల్ టార్గెట్ అని రాస్తారు. చూడటానికి తప్పేమీ కనిపించదు. కానీ టార్గెట్ తాను పిలిచిన సర్వీసులు మొదలయ్యే వరకు ఆగడం సిస్టమ్‌డీలో ఆనవాయితీ. అంటే మల్టీ-యూజర్ మీ సర్వీసు కోసం ఆగుతుంది. గ్రాఫికల్ మల్టీ-యూజర్ కోసం ఆగుతుంది. మీ సర్వీసు గ్రాఫికల్ కోసం ఆగుతుంది. "ముందు మీరు" అంటే "ముందు మీరు" అనుకుంటూ ముగ్గురూ గుమ్మం దగ్గరే నిలబడతారు.

సిస్టమ్‌డీ అలా నిలిచిపోదు. వలయాన్ని కనిపెట్టి, అందులోని ఒక పనిని తీసేసి ముందుకు పోతుంది. లాగ్‌లో ఆర్డరింగ్ సైకిల్ అనే మాట, దాని కింద ఏ పనిని తీసేసిందో కనిపిస్తాయి. తీసేసింది మీ సర్వీసే కావచ్చు, దానితో సంబంధం లేదనుకున్న మరొకటి కావచ్చు. ఈ వలయానికి విరుగుడు, సర్వీసును గ్రాఫికల్ టార్గెట్‌కే తగిలించడం. యూనిట్ ఫైలు రాశాక సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై అనే కమాండుతో ఒకసారి పరీక్షించుకుంటే ఇలాంటివి బూటింగ్‌కు ముందే బయటపడతాయి.

9.8 హైబర్నేషన్: ఇక్కడ వరుస తప్పితే డేటా పోతుంది

ఇంతవరకు చూసిన తప్పులకు శిక్ష బాటరీ, మహా అయితే సేవ్ చేయని పని. హైబర్నేషన్‌లో శిక్ష అంతకంటే పెద్దది.

హైబర్నేషన్‌లో ర్యామ్‌లోని సమాచారమంతా స్వాప్ స్థలంలోకి చేరుతుంది. ఆ సమాచారంలో డిస్కు మీది ఫైల్ సిస్టమ్ ఎలా ఉందన్న కెర్నల్ జ్ఞాపకం కూడా ఉంటుంది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఇనిట్-ర్యామ్-ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థ ముందు లేచి, స్వాప్‌లో దాచిన ప్రతిబింబాన్ని వెతికి, దాన్ని ర్యామ్‌లోకి తెస్తుంది. ఇది ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయడానికి ముందే జరగాలి. ముందుగా మౌంట్ చేసి, దాని మీద ఏమైనా రాసి, ఆ తర్వాత పాత ప్రతిబింబాన్ని తెచ్చారనుకోండి. కెర్నల్ జ్ఞాపకం ఒకటి చెబుతుంది, డిస్కు మీద మరొకటి ఉంటుంది. పాత లెక్కల పుస్తకం పట్టుకుని కొత్త ఖాతాలో చెల్లింపులు చేసినట్లు, కెర్నల్ తప్పుడు చోట్ల రాస్తూ పోతుంది. ఫైల్ సిస్టమ్ పాడవుతుంది.

మరోవైపు, ప్రతిబింబాన్ని వెతికే అడుగు మరీ ముందుకు జరిగినా కష్టమే. స్వాప్ స్థలం ఎల్‌వీఎం లోపల గానీ, ఎన్‌క్రిప్ట్ చేసిన విభాగంలో గానీ ఉంటే, ఆ తలుపులు తెరుచుకున్న తర్వాతే అది కనిపిస్తుంది. ఆర్చ్ లినక్స్‌లో బిజీబాక్స్ ఆధారిత ఇనిట్-ర్యామ్-ఎఫ్‌ఎస్ వాడేవారికి ఈ వరుస హుక్స్ అనే ఒక్క వాక్యంలో కనిపిస్తుంది. యూడెవ్, ఎన్‌క్రిప్ట్, ఎల్‌వీఎం2, ఆ తర్వాత రెజ్యూమ్, ఆ తర్వాతే ఫైల్‌సిస్టమ్స్. రెజ్యూమ్‌ను ఎల్‌వీఎం2 కంటే ముందు రాస్తే స్వాప్ కనిపించదు, యంత్రం మామూలుగా బూట్ అవుతుంది, మీరు తెరిచి ఉంచిన పనులన్నీ పోతాయి. డెబియన్, ఉబుంటులలో ఇనిట్-ర్యామ్-ఎఫ్‌ఎస్ టూల్స్ వాడేచోట అడుగుల వరుసను అదే చూసుకుంటుంది. స్వాప్ ఎక్కడుందో రెజ్యూమ్ అనే ఫైలులో సరిగా చెప్పడం మీ పని. రెండు చోట్లా మరిచిపోయేది ఒకటే. అమరిక మార్చాక ఇనిట్-ర్యామ్-ఎఫ్‌ఎస్‌ను కొత్తగా తయారు చేయాలి. ఉబుంటులో అప్‌డేట్-ఇనిట్-ర్యామ్-ఎఫ్‌ఎస్, ఆర్చ్‌లో ఎంకే-ఇనిట్-సీపీఐఓ. అది చేయకపోతే బూటింగ్‌లో నడిచేది పాత వరుసే.

పరీక్ష ఎలా చేయాలి? ముఖ్యమైన ఫైళ్ళను పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకుని, ఒక ఖాళీ ఎడిటర్ తెరిచి నాలుగు ముక్కలు టైపు చేసి, హైబర్నేట్ చేయండి. ఆన్ చేశాక ఆ ముక్కలు అలాగే కనిపిస్తే వరుస సరిగా ఉంది. కనిపించకపోతే జర్నల్‌లో రెజ్యూమ్ అనే మాట వెతకండి.

ఒకే డిస్కులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నవారికి ఇంకో మాట. లినక్స్‌ను హైబర్నేట్ చేసి, మధ్యలో రెండో సిస్టమ్‌లోకి గానీ, లైవ్ పెన్‌డ్రైవులోకి గానీ వెళ్ళి, లినక్స్ విభాగాన్ని మౌంట్ చేసి ఏదైనా రాశారా? అయితే దాచిన ప్రతిబింబాన్ని ఇక వాడకూడదు. బూట్ మెనూలో కెర్నల్ వరుస చివర నోరెజ్యూమ్ అనే పరామితి చేర్చి బూట్ చేయండి. తెరిచి ఉంచిన కిటికీలు పోతాయి, డిస్కులోని ఫైళ్ళు మిగులుతాయి.